చివరి గదిని అడిగి కొనండి

 

ఈ నెల ఒక సామాన్య గృహావసరాన్ని గూర్చి మాట్లాడుకుందాం. పాలు, బియ్యం, కరెంటు బిల్లు వలెనే ఇంటర్నెట్ కూడా మన నెలసరి ఖర్చులలో చేరిపోయింది. పిల్లల చదువు, గల్ఫ్‌లో ఉన్న కుమారునితో మాటామంతీ, బ్యాంకు పనులు దాని మీదనే నడుస్తున్నాయి. అయితే బియ్యం కొనేటప్పుడు గుప్పెడు చేతిలోకి తీసుకుని పరిశీలించే మనం, ఇంటర్నెట్ విషయంలో ప్రకటనలోని అంకెను చూసి డబ్బు కట్టేస్తాం. ఆ పొరపాటు నేనూ చేశాను. దాని నష్టం మాత్రం నా కుమార్తె అనుభవించింది.

మా ఇల్లు పాతకాలపుది. ముందు గది, నడిమి గది, వంటిల్లు, ఆ తర్వాత ఆడపిల్లల గది. అన్నీ తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు. ఫైబర్ కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన అబ్బాయి రూటర్ ఎక్కడ బిగించాలని అడిగితే, తీగలు అతిథుల కంటబడకూడదని ముందు గదిలో ఇనుప బీరువా వెనుక మూలను చూపించాను. ఆ గదిలో కూర్చుని నా ఫోన్‌లో చూస్తే అంతా సవ్యంగానే ఉంది.

“అబ్బాజాన్, నా గదిలోకి రావడం లేదు” అని అమ్మాయి మూడు నెలలు చెప్పింది. “నాకు బాగానే వస్తోంది కదా బేటీ, నీ ఫోనే పాతబడింది” అని నేను కొట్టిపారేశాను. ఒకనాడు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగానికి ఆమెకు ఇంటర్వ్యూ వచ్చింది. మాట్లాడుతుండగా మూడుసార్లు తెగిపోయింది. ఉద్యోగం మరొకరికి వెళ్లింది.

అప్పుడు మేల్కొన్నాను. మేల్కొని చేసిందీ తప్పే. 50 ఎంబీపీఎస్ పథకాన్ని 100కు పెంచాను, మార్పు లేదు. ఆపై కంపెనీనే మార్చి, మళ్లీ ముందస్తు సొమ్ము కట్టాను. చివరి గది పరిస్థితి అదే. చివరకు కేబుల్ పని చేసే నా పూర్వ విద్యార్థి ఒకడు వచ్చి, ఫోన్ చేత పట్టుకుని గది గదికీ తిరిగి చూసి ఇలా అన్నాడు: “మౌలానా సాబ్, మీ ట్యాంకు నిండుగానే ఉంది. వెనుక గదికి పైపు వేయలేదు, అంతే.” రూటర్‌ను నడిమి గదిలో మనిషెత్తు అలమార మీదికి మార్చి, అక్కడి నుండి చివరి గదికి ఒక లాన్ తీగ లాగి, దాని కొసన మరో చిన్న వైఫై పరికరం అమర్చాడు. కంపెనీ మార్చినందుకు నేను పోగొట్టుకున్న దానిలో సగం కూడా ఖర్చు కాలేదు.

ఈ అనుభవం తర్వాత నేను తెలుసుకున్న విషయాలను మీ ముందుంచుతున్నాను.

మొదటిది, కంపెనీ ఎంపిక. బీఎస్ఎన్ఎల్, జియో, ఎయిర్‌టెల్, హైదరాబాద్, విజయవాడ వంటి నగరాలలో ఏసీటీ, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్, ఇంకా స్థానిక కేబుల్ ఆపరేటర్లు ఉన్నారు. పేరును బట్టి కాక, మీ వీధిలో ఎవరి సేవ నిలకడగా ఉన్నదో ఇరుగుపొరుగును అడగండి. “మొన్నటి వానలకు తీగ తెగితే ఎన్నాళ్లకు వచ్చి బాగుచేశారు?” అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు ఏ ప్రకటన కంటేనైనా విలువైనది. ఏడాది సొమ్ము ఒకేసారి కట్టక, తొలుత ఒక నెల చూడండి.

రెండవది, వేగం. స్పష్టమైన హెచ్‌డీ వీడియోకు సుమారు 5 ఎంబీపీఎస్ చాలు. నలుగురు ఒకేసారి చూసినా 20. కనుక సాధారణ కుటుంబానికి 40 లేదా 50 ఎంబీపీఎస్ పథకం సరిపోతుంది. ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని అర్థం; ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. కాబట్టి 100 ఎంబీపీఎస్‌లో సెకనుకు దిగేది 12.5 మెగాబైట్లే. మన ముఖం, మాట అవతలివారికి చేరవేసే అప్‌లోడ్ వేగం ఎంతో కూడా అడగండి. 499 రూపాయల పథకానికి 18 శాతం జీఎస్టీ కలిస్తే సుమారు 589 అవుతుంది. “అపరిమితం” అన్న కొన్ని పథకాలలోనూ నెలకు 3300 జీబీ వంటి హద్దు ఉంటుంది. అది దాటితే వేగం ఎంతకు తగ్గుతుందో తెలుసుకోండి.

మూడవది, పరికరాలు. రూటర్ 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండింటిలోనూ పనిచేసేదై ఉండాలి. మొదటిది గోడలు దాటి దూరం పోతుంది, వేగం తక్కువ. రెండవది వేగవంతమైనది, గోడలకు త్వరగా నీరసిస్తుంది. ఇనుప బీరువా, పెద్ద అద్దం, చేపల తొట్టె దగ్గర రూటర్ పెట్టకండి. సిగ్నల్‌ను పొడిగించే రిపీటర్ కొంటే దానిని సిగ్నల్ అందని గదిలో కాక, సగం దారిలో ఉంచాలి; తనకే అందనిదాన్ని అది ఇతరులకు అందించలేదు. తీగతో కలిపిన రెండో పరికరం అన్నింటికంటే నమ్మకమైనది. కరెంటు కోతలుంటే చిన్న యూపీఎస్ మేలు, కాని రూటర్ అడాప్టర్ మీద ఉన్న వోల్టులు, ఆంపియర్లు చూసి కొనండి. ఎల్‌ఓఎస్ అన్న చోట ఎర్రదీపం వెలిగితే లోపం ఫైబర్ తీగలో ఉన్నట్లు. ఫిర్యాదు చేసి ఆ నంబరు రాసిపెట్టుకోండి.

నాల్గవది, పాస్‌వర్డ్. కంపెనీ ఇచ్చినదాన్ని మొదటి రోజే మార్చండి. అతిథులకు వేరుగా గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి. పొరుగువారి వైఫైని వారి అనుమతి లేకుండా వాడుకోవడం పరుల సొమ్ము వాడుకోవడమేనని పిల్లలకు చెప్పండి.

ఇవన్నీ పరికరాలకు సంబంధించిన మాటలు. నా అసలు తప్పు పరికరంలో లేదు. మన ఇళ్లలో తీగ ముందు గదిలోకి వస్తుంది. అక్కడ కూర్చునే మగవారమే చూసి “బాగుంది” అని తీర్పు చెబుతాం. చదువుకునే అమ్మాయి, వంటింట్లో నిలబడి కొడుకుతో వీడియోలో మాట్లాడే తల్లి లోపల ఉంటారు. వారిని ఎవరూ అడగరు. సంతకం పెట్టే ముందు, రూటర్ బిగించే ముందు వారిని పిలవండి. ఫోన్ వారి చేతికిచ్చి, వారి గదిలో నిలబడి చూడమనండి.

పోయిన ఉద్యోగం మా అమ్మాయికి తిరిగి రాలేదు. గత నెల మరొకదానికి దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూ రోజున ముందు గదిలో కూర్చోకుండా, ఆమె గది గుమ్మం దగ్గరే ఉండాలని నిశ్చయించుకున్నాను, ఇన్షా అల్లాహ్.