నోరు తెరిచి చూసేదెవరు?

కడుపులోనో ఊపిరితిత్తుల్లోనో పుట్టిన క్యాన్సర్ ఆలస్యంగా బయటపడిందంటే అర్థం చేసుకోవచ్చు. దాన్ని పట్టుకోవాలంటే స్కానింగులు కావాలి, గొట్టాలు వేసి చూడాలి. నోటి క్యాన్సర్‌కు ఆ సాకు చెల్లదు. టార్చిలైటు, కొద్ది నిమిషాల ఓపిక, ఏం చూడాలో తెలిసిన కళ్లు ఉంటే చాలు. అయినా మన దేశంలో ఈ రోగుల్లో ఎక్కువ మంది పెద్దాసుపత్రి గడప తొక్కేసరికి జబ్బు మూడో దశకో నాలుగో దశకో చేరి ఉంటోంది. 2022లో మన దేశంలో సుమారు 1,43,000 మంది కొత్తగా పెదవి, నోటి క్యాన్సర్ల బారిన పడ్డారనీ, దాదాపు 80,000 మంది వాటితో చనిపోయారనీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. సకాలంలో ఎవరైనా నోట్లోకి చూసి ఉంటే వీరిలో చాలామంది ప్రాణాలు దక్కేవి.

ఈ జబ్బు రాత్రికి రాత్రి ఊడిపడేది కాదు. చాలామందిలో ఏళ్ల ముందే గుర్తులు చూపిస్తుంది. ఖైనీ, గుట్కా ఏ దవడన కుక్కుకుంటారో సాధారణంగా అక్కడే గీకినా పోని తెల్లమచ్చ లేస్తుంది. ఎర్రమచ్చ అయితే ప్రమాదం ఇంకా ఎక్కువ. వక్క నమిలేవాళ్లలో బుగ్గల లోపలి పొర బిగుసుకుపోతుంది. కారం తగిలితే నోరంతా మంట, క్రమంగా మూడు వేళ్లు నిలువుగా పట్టేంత కూడా నోరు తెరుచుకోదు. పొగాకు కలపని వక్కతో ఏం కాదులే అనుకుంటాం కానీ, వక్క దానంతటదే క్యాన్సర్ కారకమని 2004లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చి ప్రచురించింది. ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగకూ, అంగిట్లో వచ్చే క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని పరిశోధకులు శ్రీకాకుళం జిల్లాలో 1960ల నుంచే నమోదు చేస్తూ వచ్చారు. ఆ అలవాటు ఎక్కువగా ఆడవాళ్లదే. అంటే కారణాలు తెలిసి అరవై ఏళ్లయింది. ఇన్ని గుర్తులున్నా జనం కదలకపోవడానికి ముఖ్య కారణం, తొలిదశలో నొప్పి ఉండకపోవడం. నొప్పి లేని పుండును మన ఇళ్లలో ఎవరూ జబ్బు కింద లెక్కపెట్టరు.

చూడటం వల్ల ప్రాణాలు దక్కుతాయనడానికి రుజువు మన పొరుగునే ఉంది. 1996లో కేరళలోని తిరువనంతపురం జిల్లాలో 35 ఏళ్లు దాటినవారిపై పెద్ద అధ్యయనం మొదలైంది. డాక్టర్లు కాని, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలే ఇళ్లకు వెళ్లి నోళ్లు పరీక్షించారు. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు ఈ పరీక్షల వల్ల మూడో వంతు దాకా తగ్గాయని 2005లో ఫలితాలు వెలువడ్డాయి. 2016లో కేంద్రం కూడా 30-65 ఏళ్ల మధ్యవారందరికీ అయిదేళ్లకోసారి ఈ పరీక్ష జరగాలని మార్గదర్శకాలిచ్చింది. తీరా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలిందేమిటి? 30-49 ఏళ్ల మధ్యవారిలో ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్న స్త్రీలు నూటికి ఒక్కరు కూడా లేరు. పురుషులు ఒక్క శాతం దాటారంతే. కాగితం మీది ఉత్తర్వు ఊళ్లోకి రాలేదు.

పొగాకును పూర్తిగా ఆపేస్తే ఈ పరీక్షల అవసరమేముందని కొందరంటారు. ఆపాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2013లో గుట్కాను నిషేధిస్తే, పాన్ మసాలా ఒక ప్యాకెట్టుగా, పొగాకు మరో ప్యాకెట్టుగా పక్కపక్కనే వేలాడాయి. పైగా ఇరవై ఏళ్లు నమిలి నిన్ననే మానేసినవాడి బుగ్గకు జరగాల్సిన హాని చాలావరకు జరిగే ఉంటుంది. అందరి నోళ్లూ చూస్తే అనవసర భయాలు, అక్కర్లేని పరీక్షలు పెరుగుతాయన్నది మరో అభ్యంతరం. ఇందులో న్యాయముంది. కేరళలో స్పష్టమైన మేలు కనిపించింది అలవాటున్నవారిలోనే. కాబట్టి మొదలు వాళ్ల నుంచే పెట్టాలి. ఆశా కార్యకర్తలపై ఇప్పటికే మోయలేనంత పని ఉందన్నదీ నిజం. ఈ పనికి విడిగా శిక్షణ, విడిగా పారితోషికం ఇవ్వాలి. దంత వైద్య కళాశాలల విద్యార్థులను ఊళ్లకు పంపాలి. దవడ కోసే ఆపరేషన్‌కూ, రేడియేషన్‌కూ 2007 నుంచి ఆరోగ్యశ్రీ కింద డబ్బు కడుతున్న ప్రభుత్వానికి, ఆ ఆపరేషన్ అంత పెద్దది కాకుండా చూసే పని ఖర్చుగా కనిపించకూడదు.

పరీక్ష కోసం పుండు నుంచి చిన్న ముక్క తీస్తే (బయాప్సీ) క్యాన్సర్ పాకుతుందన్న భయం ఇంకా ఎంతోమందిని డాక్టరుకు దూరంగా ఉంచుతోంది. అది అపోహ. ముక్క పరీక్ష లేకుండా ఈ జబ్బును నిర్ధారించలేరు. గొంతులో పుట్టే క్యాన్సర్లు టార్చికి దొరకవు గనుక వాటి గుర్తులు కూడా తెలిసుండాలి. మూడు వారాలైనా తగ్గని గొంతు బొంగురు, మింగడంలో ఇబ్బంది, మెడ మీద నొప్పి లేని గడ్డ కనిపిస్తే చెవి, ముక్కు, గొంతు డాక్టరును కలవాలి. నోట్లో పుండో మచ్చో రెండు వారాల్లో మానకపోతే పూతమందులతో కాలయాపన చేయకండి. మీ ఇంట్లో చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, వక్క అలవాటున్నవారు ఉంటే ఈ వారమే వెలుతురులో కూర్చోబెట్టి బుగ్గల లోపల, నాలుక పక్కల, నాలుక కింద, అంగిట్లో చూడండి. అనుమానం వస్తే ఒక్క రోజు కూడా వాయిదా వేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.