మనిషి పేరు పక్కన బోటు నంబరు

2020 జనవరి 6న వాఘా గేటు దాటి ఇరవైమంది ఆంధ్ర మత్స్యకారులు మన నేల మీద కాలు పెట్టారు. ఎక్కువమంది శ్రీకాకుళం జిల్లావాళ్లు, కొందరు విజయనగరం వాళ్లు. 2018 నవంబరు చివర్లో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్ సముద్ర భద్రతా దళానికి చిక్కారు. పదమూడు నెలలు కరాచీ జైల్లో ఉన్నారు. సంద్రం మీద వెళ్లినవాళ్లు నేల దారిన ఇల్లు చేరారు. వాళ్లను తీసుకెళ్లిన బోట్లు వెంట రాలేదు.

ఆ కథ ‘తండేల్’ సినిమాగా ఇంటింటికీ చేరింది. నేను అడిగేది బోటు సంగతి. తుపాకీ చూపించి పరాయి దేశపు పడవను పట్టుకుపోవడం చట్టబద్ధమేనా?

పట్టుకోవడం వరకు చట్టబద్ధమే. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా చేపల మీద హక్కు ఆ తీరదేశానిది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ప్రకారం పడవను ఆపవచ్చు, సోదా చేయవచ్చు, అరెస్టు చేయవచ్చు. మన కోస్ట్‌గార్డూ అదే చేస్తుంది. కానీ ఆ చట్టంలోని 73వ అధికరణమే ఆ అధికారానికి కళ్లెం వేసింది. తగిన పూచీకత్తు కడితే పడవనూ మనుషులనూ వెంటనే వదలాలి. దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే చేపల వేట నేరానికి జైలుశిక్ష వేయకూడదు. పట్టుకున్న సంగతి పడవ సొంత దేశానికి వెంటనే చెప్పాలి. భారత్ 1995లో, పాకిస్తాన్ 1997లో ఈ చట్టాన్ని ఆమోదించాయి.

తీరానికి 12 నాటికల్ మైళ్ల లోపు ఈ రక్షణ వర్తించదు. భారత్, పాకిస్తాన్ మధ్య సర్ క్రీక్ దగ్గర హద్దే తేలలేదు. నిజమే. హద్దు తేలని నీళ్లలో దారి తప్పాడన్న కారణంతో పేదవాణ్ని నెలల తరబడి బంధించడం ఏ న్యాయం?

పడవను వదలకపోతే హాంబర్గ్‌లోని సముద్ర చట్ట ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అయితే బోటుకు పెద్దయిన తండేలో, అందులో పనిచేసే కళాసీయో వెళ్లలేడు, పడవ ఏ దేశానిదో ఆ దేశం కదలాలి. రష్యా పట్టుకున్న రెండు బోట్ల కోసం 2007లో జపాన్ ఆ ట్రిబ్యునల్‌కు వెళ్లింది. ఆగస్టు 6న రెండు తీర్పులూ వచ్చాయి. జూన్‌లో పట్టుబడ్డ హోషిన్‌మారును పూచీకత్తు మీద వదలమంది ట్రిబ్యునల్. అంతకుముందు ఏడాదే పట్టుబడ్డ టోమిమారు విషయంలో చేతులెత్తేసింది. అప్పటికే రష్యా కోర్టులు దాన్ని జప్తు చేసేశాయి. ఆలస్యం చేస్తే హక్కు కూడా చేజారుతుందని ఈ రెండు పడవలు చెప్పాయి. మన మత్స్యకారుల బోటు కోసం భారత్ ఒక్కసారీ ఆ గడప తొక్కలేదు.

మనసుంటే కోర్టు కూడా అక్కర్లేదు. 2025 జనవరిలో భారత్, బంగ్లాదేశ్ మత్స్యకారులను ఇచ్చిపుచ్చుకున్నప్పుడు మన 95 మందితో పాటు మన ఆరు బోట్లూ తిరిగొచ్చాయి. వాళ్ల రెండు బోట్లను మనం ఇచ్చేశాం. అదే ఏడాది అక్టోబరులో విజయనగరం జిల్లా మత్స్యకారులు తొమ్మిదిమంది మళ్లీ బంగ్లాదేశ్‌కు చిక్కారంటే, ఒక్కసారి ఇచ్చిపుచ్చుకోవడంతో తీరే సమస్య కాదిది. ఏటా పాటించే పద్ధతి కావాలి.

2008 ఒప్పందం ప్రకారం భారత్, పాకిస్తాన్ ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల, మత్స్యకారుల జాబితాలు మార్చుకుంటాయి. ఆ జాబితాలో బోట్లకూ చోటివ్వాలి. మన దగ్గరున్న పాకిస్తానీ బోట్లను వదలడానికీ మనం సిద్ధపడాలి. శ్రీకాకుళానికి 193 కిలోమీటర్ల తీరం ఉన్నా బతుకు కోసం వెరావల్ పోయే మన పిల్లల తరఫున, ఢిల్లీలో ఉన్న మన ఎంపీలను అడుగుతున్నాను: వచ్చే జాబితాలో మనిషి పేరు పక్కన బోటు నంబరు కూడా రాయించండి.