పరిశోధకులకు బోధనాశిక్షణము

విశ్వవిద్యాలయ గ్రాంట్స్ కమిషన్ 2022 నవంబరులో ప్రకటించిన పిహెచ్.డి. నిబంధనల ప్రకారము పరిశోధకులెల్లరును బోధనమున శిక్షణ పొందవలెను. వారికి వారమునకు 4 నుండి 6 గంటల వరకు బోధన, పరిశోధన సహాయకత్వము నప్పగింపవచ్చును. ఈ యేర్పాటు స్వాగతింపదగినదే. కాని గంటలు కేటాయించినంతమాత్రమున శిక్షణ కలుగదు.

ఛందస్సుపై సిద్ధాంతవ్యాసము వ్రాయుచున్న పరిశోధకునికి సంయుక్తాక్షరమునకు ముందున్న లఘువు గురువగునని తెలియును. తరగతిలో నొక విద్యార్థి “ఎందువలన?” అని యడిగినపుడు సూత్రమును మరల వల్లించుటయా, పదమును పలికించి యా బరువును చెవికి పట్టించుటయా? ఈ వివేకము గ్రంథములలో దొరకదు. వెనుక బల్లపై కూర్చుండి విని, పాఠము ముగిసిన పిదప తప్పొప్పులు తెలుపు ఆచార్యునివలననే లభించును.

ఆచార్యుడు రాని తరగతికి పరిశోధకుని బంపుటయు, ఖాళీగానున్న అధ్యాపకపదవుల పనిని పరిశోధకులచే జరిపించుటయు శిక్షణ యనిపించుకొనవు. అందువలన తరగతికిని, సిద్ధాంతవ్యాసమునకును గూడ హాని కలుగును. కావున సహాయకత్వము నప్పగించు ప్రతి శాఖయు, పరిశోధకుని గంటలతోపాటు ఆచార్యుడా తరగతిలో కూర్చుండవలసిన గంటలను గూడ ముందుగనే నిర్ణయింపవలెను.