మత్తు మానే వేళ ఇంటివారి బాధ్యత

బనగానపల్లెలో ఒక ఇంటిని ఊహించుకుందాం. కొడుకు బెంగళూరులో పనికి కుదిరి రెండేళ్లయింది. సెలవు మీద ఇంటికి వచ్చాడు. వచ్చిన రాత్రే ఆవలింతలు మొదలయ్యాయి, కళ్లూ ముక్కూ కారసాగాయి. తల్లి జలుబు అనుకుని మిరియాల కషాయం కాచి ఇచ్చింది. మరునాటికి వాంతులు, విరేచనాలు, ఒళ్లంతా నొప్పులు పట్టుకున్నాయి. ఎండాకాలంలోనూ చలితో వణుకుతున్నాడు. రోమాలు నిక్కబొడుచుకున్నాయి. మూడో రాత్రి తల్లి చేతులు పట్టుకుని, "అమ్మీ, కొంచెం డబ్బివ్వు, నేను తట్టుకోలేను" అని ఏడ్చాడు. అప్పటికి ఆమెకు సంగతి బోధపడింది. బోధపడగానే ఆమె వైద్యుని కోసం కబురు పంపలేదు. లేచి వెళ్లి వీధి తలుపు గడియ వేసింది.

ఈ నెల మేము ఆ గడియ గురించే మాట్లాడదలచాము.

హెరాయిన్ మన ఊళ్లకు దూరపు మాట అనే భ్రమ ఇంకా కొందరిలో ఉంది. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా ఓడరేవులో టాల్క్ రాళ్ల పేరుతో వచ్చిన సరుకులో దాదాపు 3,000 కిలోల హెరాయిన్ పట్టుబడింది. ఆ సరుకు విజయవాడ చిరునామాతో నమోదైన ఒక సంస్థ పేరిట దిగుమతి అయింది. కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిర్వహించి 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో నల్లమందు జాతికి చెందిన మత్తు పదార్థాలను వాడేవారు సుమారు 2 కోట్ల 26 లక్షల మంది. వారిలో హెరాయిన్ వాడేవారే ఎక్కువ. ఆ తరువాతి స్థానం నొప్పి మాత్రలు, ఇంజెక్షన్ల వంటి మందులది. 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చిన ట్రమడాల్ కూడా ఈ కుటుంబానిదే. కాబట్టి పొడి అయినా, మాత్ర అయినా ఇంట్లో కనిపించే లక్షణాలు ఇంచుమించు ఒకటే.

ఆ లక్షణాలు ఎందుకు వస్తాయి? మెదడులో నొప్పిని అణచే స్థానాలు కొన్ని ఉన్నాయి. హెరాయిన్ వాటిని పట్టుకుని కూర్చుంటుంది. రోజూ వాడేవాని శరీరం దానికి అలవాటుపడి, అది లేకుండా నడవలేని స్థితికి వస్తుంది. ఒక్కసారిగా మానితే 8 నుండి 12 గంటల్లో బాధ మొదలవుతుంది. రెండు మూడు రోజులకు పరాకాష్ఠకు చేరుతుంది. వారం, పది రోజుల్లో శరీర బాధ తగ్గుతుంది. నిద్రలేమి, దిగులు, మత్తుపై కోరిక మాత్రం నెలల తరబడి వెంటాడవచ్చు. ఇది నటన కాదు, మొండితనమూ కాదు. కొట్టినంత మాత్రాన, ఒట్టు పెట్టించినంత మాత్రాన పోయేది అంతకంటే కాదు.

"పది రోజులు గదిలో పెట్టి తాళం వేస్తే సరిపోతుంది కదా?" అని కొందరు పెద్దలు అంటారు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లోని నీరంతా పోయి ప్రాణం మీదికి రావచ్చు. అంతకంటే పెద్ద ప్రమాదం పది రోజుల తరువాత పొంచి ఉంటుంది. మానివేసిన శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని కోల్పోతుంది. తాళం తీశాక ఒక్కసారి మనసు జారి, మునుపటి మోతాదే తీసుకుంటే శ్వాస ఆగిపోతుంది. ఇంట్లోవాళ్లు "బాగుపడ్డాడు" అని సంతోషిస్తున్న వారంలోనే కొందరు యువకులు ప్రాణాలు కోల్పోవడానికి కారణం ఇదే. మద్యం గానీ, నిద్రమాత్రలు గానీ కలిపి వాడేవారి విషయం మరీ సున్నితం. వాటిని హఠాత్తుగా ఆపితే మూర్ఛలు వచ్చి ప్రాణాపాయం కలుగుతుంది. గర్భిణి అయితే కడుపులోని బిడ్డకూ ముప్పే. కనుక మొదటి రోజే వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. ఏమేమి వాడుతున్నాడో దాచకుండా చెప్పాలి.

వైద్యులు ఏం చేస్తారు? బాధను తగ్గించే మందులు ఇస్తారు. అవసరమైతే బ్యూప్రినార్ఫిన్ మాత్రను నాలుక కింద పెట్టిస్తారు. మెథడోన్‌తో చేసే చికిత్స కూడా ఉంది. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెండింటినీ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఇక్కడ చాలామంది సోదరులు ఒక ప్రశ్న వేస్తారు: "ఒక మత్తు మాన్పించి మరొకటి అలవాటు చేయడం కాదా?" కాదు. తగిన మోతాదులో ఇచ్చే ఈ మందు మత్తెక్కించదు. కోరికను అణచి, మనిషిని పనికి, కుటుంబానికి, నమాజుకు తిరిగి తెస్తుంది. దీనిని నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు వాడవలసి రావచ్చు. సొంతంగా కొని వేసుకోరాదు. హెరాయిన్ ప్రభావం ఇంకా ఒంట్లో ఉండగా వేసుకుంటే బాధ ఒక్కసారిగా తీవ్రమవుతుంది. మందుతో పాటు కౌన్సెలింగ్ కూడా జరగాలి. దివ్య ఖుర్‌ఆన్‌లో మద్యనిషేధం సైతం దశలవారీగానే వచ్చిందని మనకు తెలుసు. మత్తుకు దీనిని అనుమతిగా ఎవరూ భావించరాదు. మనిషి బలహీనతను ఎరిగి నడిపించే పద్ధతిని మాత్రం ఇందులో గ్రహించాలి.

రెండో భయం పోలీసులది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64-ఎ సెక్షన్, సొంత వాడకం లేదా స్వల్ప పరిమాణం కేసులో ఉన్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు గల సంస్థలో చికిత్సకు వస్తే అతనికి విచారణ నుండి రక్షణ కల్పిస్తుంది. చికిత్సను మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తుకు సంబంధించిన మానసిక స్థితులను కూడా జబ్బుగానే పరిగణించింది. రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. కాబట్టి కొట్టి మాన్పిస్తామనే కేంద్రాలకు బిడ్డను అప్పగించకండి. చేర్చే ముందు రిజిస్ట్రేషన్ ఉన్నదా, మానసిక వైద్యుడు వస్తాడా, ఇంటివారిని కలవనిస్తారా అని తప్పక అడగండి.

మూడోది మన ఇళ్లలో తరచూ వినబడే మాట: "నికాహ్ చేస్తే వాడే దారికొస్తాడు." ఇది ఒక అమాయకురాలికి చేసే అన్యాయం. జబ్బును దాచి సంబంధం కుదర్చడం మోసం. వరుడు నయమయ్యాక, నిజం చెప్పి నికాహ్ చేయండి.

ఎక్కడికి వెళ్లాలి? బనగానపల్లె వారికి కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక కేంద్రమే ఉంది. ఇల్లు కదలకుండా సలహా కావాలంటే మత్తు విముక్తి జాతీయ హెల్ప్‌లైన్ 14446కు గానీ, టెలి మానస్ 14416కు గానీ ఫోన్ చేయవచ్చు. రెండూ ఉచితమే. పిలిస్తే పలకకపోవడం, శ్వాస మందగించడం, పెదవులు నీలంగా మారడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయక 108కు ఫోన్ చేయండి.

వైద్యం చేయించుకోవచ్చా అని పల్లెవాసులు అడిగినప్పుడు చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు హదీసుల్లో ఉంది. ఇతరుల తప్పును కప్పిపుచ్చడం మన ధర్మం నేర్పిన గుణమే. అయితే తప్పును నలుగురిలో చాటకపోవడం వేరు, జబ్బును వైద్యుని దగ్గర దాచడం వేరు. మొదటిది కరుణ, రెండోది బిడ్డను చేజేతులా ప్రమాదంలోకి నెట్టడం. తౌబా మనసును శుద్ధి చేస్తుంది, చికిత్స దేహాన్ని నిలబెడుతుంది. ఆ బిడ్డకు రెండూ కావాలి. మధ్యలో ఒకసారి జారిపడితే "నీ తౌబా అబద్ధం" అని నిందించకండి. మళ్లీ ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఆ తల్లి తెల్లవారుజామున ఫజ్ర్ నమాజు ముగించి గడియ తీయాలని మా కోరిక. కొడుకు చేయి పట్టుకుని కర్నూలు బస్సెక్కాలి. దారిలో ఎవరైనా అడిగితే, "అబ్బాయికి ఒంట్లో బాగాలేదు, డాక్టరుకు చూపించాలి" అంటే చాలు. అది అబద్ధం కాదు.

అల్లాహ్ మన బిడ్డలను కాపాడుగాక! పడిపోయినవారికి లేచే శక్తిని, వారి పక్కన నిలిచేవారికి సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.