మూడు నెలలుగా ఒక్క బుకింగ్ లేదు.. తప్పు ఏజెంట్‌దేనా? రియల్ ఎస్టేట్ ఒత్తిడి వెనుక అసలు లెక్క ఇదీ

హైదరాబాద్ రియల్ ఎస్టేట్ అనగానే అందరికీ గుర్తొచ్చేది రికార్డు ధరలే. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికినప్పుడు ఎక్కడ చూసినా అదే వార్త. కానీ అదే సిటీలో, అదే బిజినెస్‌లో పనిచేస్తున్న మార్కెటింగ్ ఏజెంట్ల పరిస్థితి వేరు. నెలంతా ఎండలో తిరిగినా ఒక్క టోకెన్ అడ్వాన్స్ కూడా పడని నెలలు చాలామందికి మామూలే. "నాకు ఈ ఫీల్డ్ సెట్ కాదేమో" అన్న అనుమానం అక్కడే మొదలవుతుంది.

దీనికి కంపెనీల్లో దొరికే మందు దాదాపు ఒక్కటే. మోటివేషన్ క్లాస్. స్టేజీ, చప్పట్లు, "నెగెటివ్‌గా ఆలోచించొద్దు" అనే స్పీచ్. అయితే ఏజెంట్ మనసులో తిరిగే డౌట్లు రెండు రకాలు. ఒకటి తన మీద తనకుండే డౌట్. రెండోది తాను అమ్ముతున్న స్థలం మీద ఉండే డౌట్. మొదటిదానికి కారణం చాలాసార్లు ఏజెంట్ కాదు, ఈ బిజినెస్ నడిచే తీరు. రెండోది మాత్రం కొట్టిపారేయాల్సింది కాదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేసి "పాజిటివ్‌గా ఉండు" అనడంతోనే చిక్కు వస్తోంది.

గజానికి వెయ్యి.. చేతికొచ్చేది ఎంత?

ముందు డబ్బు సంగతి. ఉదాహరణకు సిటీ శివార్లలో ఓ వెంచర్. 150 గజాల ప్లాటు, గజం 15 వేలు. మొత్తం 22 లక్షల 50 వేలు. కంపెనీ గజానికి వెయ్యి రూపాయల కమీషన్ ప్రకటించింది అనుకుంటే, కాగితం మీద లక్షా 50 వేలు. వినడానికి బాగుంది. కానీ ప్లాట్ల కంపెనీల్లో కమీషన్ ఒక్కరికే పోదు. కింద ఏజెంట్, పైన సీనియర్, ఆ పైన మేనేజర్, డైరెక్టర్ అంటూ కేడర్లు ఉంటాయి. పైవాళ్ల వాటాలు పోగా కింద ఉన్న ఏజెంట్‌కి గజానికి 500 మిగిలితే 75 వేలు. అందులో టీడీఎస్ పోతుంది. 2024 అక్టోబర్ నుంచి కమీషన్ మీద టీడీఎస్ 5 శాతం నుంచి 2 శాతానికి తగ్గింది కాబట్టి 1,500 పోగా 73,500 వస్తుంది.

ఇది కూడా ఒకేసారి రాదు. కస్టమర్ సగం డబ్బు కట్టాక కొంత, రిజిస్ట్రేషన్ అయ్యాక మిగతాది అని చాలాచోట్ల రూల్. మూడు నెలలకు ఒక ప్లాటు అమ్మితే నెలకు 24,500 పడ్డట్టు. పెట్రోల్, ఫోన్లు, సైట్ విజిట్‌కి కారు, కస్టమర్ ఫ్యామిలీకి దారిలో టిఫిన్లు అన్నీ ఇందులోంచే. ఫిక్స్‌డ్ జీతం లేనివాళ్లే ఎక్కువ కాబట్టి పీఎఫ్, ఈఎస్ఐ మాటే లేదు.

అంటే డీల్ కాని నెలలో ఏజెంట్‌కి కనబడేది సున్నా. చేసిన పని మాత్రం సున్నా కాదు. ఓ ఇరవై ఫోన్లు, ఐదారు సైట్ విజిట్లు, ఒక కస్టమర్‌కి బ్యాంక్ లోన్ పేపర్ల సాయం, ఇవేవీ ఎక్కడా నమోదు కావు. మామూలు ఉద్యోగంలో పని సరిగ్గా సాగకపోయినా ఒకటో తారీఖున జీతం పడుతుంది, "పర్లేదు, పనిచేస్తున్నాం" అన్న భరోసా ఉంటుంది. ఇక్కడ ఆ భరోసా ఇచ్చేది బుకింగ్ ఒక్కటే. పైగా ఆ బుకింగ్ కావడం, కాకపోవడం చాలావరకు ఏజెంట్ చేతిలో లేని విషయాల మీద ఆధారపడి ఉంటుంది.

జీవో వస్తే మార్కెట్ మారుతుంది

ఆ చేతిలో లేని విషయాలు ఏంటో రెండు తెలుగు రాష్ట్రాల్లో గత ఐదారేళ్లు చూస్తే తెలిసిపోతుంది. తెలంగాణలో 2020 సెప్టెంబర్‌లో రిజిస్ట్రేషన్లు ఆగాయి. వ్యవసాయేతర ఆస్తుల రిజిస్ట్రేషన్లు మళ్లీ మొదలయ్యేసరికి డిసెంబర్ వచ్చింది. దానికి కొద్దిరోజుల ముందే, ఆ ఆగస్టు చివర్లో, అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్ల రిజిస్ట్రేషన్లపై ఆంక్షలు వచ్చి ఎల్ఆర్ఎస్ తెరమీదకొచ్చింది. ఆ నాలుగు నెలలు ఎంత తోపు ఏజెంట్ అయినా చేయగలిగింది తక్కువే.

2024 జులైలో హైడ్రా ఏర్పడింది. ఆగస్టులో మాదాపూర్ ఎన్ కన్వెన్షన్ కూల్చివేత దృశ్యాలు టీవీల్లో చూశాక, చెరువు పక్కన స్థలం అంటేనే కస్టమర్లు వెనక్కి తగ్గారు. ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అనే మాటలు అప్పటిదాకా ఆఫీసర్లు, బిల్డర్లు వాడేవి. ఆ తర్వాత కొనేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే అయింది. కొనేవాళ్లకు ఇది మంచిదే. పాత పద్ధతిలో "ఫ్యూచర్‌లో డబుల్ అవుతుంది సార్" అని అమ్మడం అలవాటైన ఏజెంట్ మాత్రం సమాధానం లేక నిలబడిపోయాడు.

ఏపీలో అయితే అమరావతి కంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. 29 గ్రామాల్లో దాదాపు 34 వేల ఎకరాల ల్యాండ్ పూలింగ్, 2015 అక్టోబర్ 22న శంకుస్థాపన. తుళ్లూరు, మందడం వైపు ఊరూరా రియల్ ఎస్టేట్ ఆఫీసులు వెలిశాయి. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల ప్రకటనతో కథ తిరగబడింది. 2024లో ప్రభుత్వం మారింది, 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా పనులు మళ్లీ మొదలయ్యాయి. అంటే 2018లో "సూపర్ స్టార్" అనిపించుకున్న ఏజెంట్, 2020లో "చేతకానివాడు" అయ్యాడు. మనిషి మాత్రం అదే మనిషి.

వీటికి తోడు ఆషాఢం, మూఢం, శూన్యమాసం ఉండనే ఉన్నాయి. ముహూర్తాలు లేని రోజుల్లో అడ్వాన్స్ ఇవ్వడానికి చాలా కుటుంబాలు ఒప్పుకోవు. అయినా టార్గెట్ షీట్‌లో ఆషాఢానికి వేరే కాలమ్ ఉండదు.

అప్పుడు స్టేటస్ చూస్తే..

ఒత్తిడిని రెట్టింపు చేసేది పక్కవాడి వాట్సాప్ స్టేటస్. శాలువా కప్పించుకున్న ఫొటో, కారు తాళం అందుకుంటున్న ఫొటో, కంపెనీ ఖర్చుతో గోవా ట్రిప్. ఈ ఫొటోల్లో ఒక విషయం దాగి ఉంటుంది. కేడర్ పద్ధతిలో పైన ఉన్నవాళ్ల ఆదాయంలో పెద్ద భాగం వాళ్లు స్వయంగా అమ్మినదాని నుంచి రాదు, కింద చేర్చుకున్న వాళ్ల అమ్మకాల నుంచి వస్తుంది. కింద ఉన్న కొత్త ఏజెంట్ తన సొంత అమ్మకాన్ని, పైవాడి టీమ్ మొత్తం అమ్మకంతో పోల్చుకుని కుంగిపోతుంటాడు. ఆ పోలికే తప్పు.

పనివేళలు ఇంకో తలనొప్పి. జనానికి ఆదివారం సెలవు, ఏజెంట్‌కి ఆదివారమే అసలు డ్యూటీ. అమెరికాలో ఉన్న కస్టమర్ అయితే మరీను. డాలస్‌లో వాళ్ల లంచ్ టైమ్ అంటే ఇక్కడ రాత్రి పదకొండు. ఆ కాల్ ఎత్తకపోతే ఇంకో ఏజెంట్ ఎత్తుతాడన్న భయం నిద్ర పట్టనివ్వదు.

ఇలాంటి పనిలో తిరస్కరణను మనిషి ఎలా అర్థం చేసుకుంటాడన్నది చాలా ముఖ్యం అనడానికి ఓ పాత అధ్యయనం ఉంది. అమెరికా సైకాలజిస్టులు మార్టిన్ సెలిగ్మన్, పీటర్ షుల్మన్ 1986లో జీవిత బీమా ఏజెంట్ల మీద ప్రచురించారు. అదీ గడపగడపకీ తిరిగి "వద్దు" అనిపించుకునే పనే. ఎదురుదెబ్బ తగిలినప్పుడు "నేనే పనికిరాను, ఎప్పుడూ ఇంతే" అనుకునేవాళ్లకూ, "ఈసారి పరిస్థితి కుదరలేదు" అనుకునేవాళ్లకూ తేడా ఉందా అని చూశారు. ఆశావాదం వైపు సగంలో ఉన్నవాళ్లు మొదటి రెండేళ్లలో మిగతా సగం కంటే 37 శాతం ఎక్కువ పాలసీలు అమ్మారు. పనిలో ఎక్కువకాలం నిలిచింది కూడా వాళ్లే.

మోటివేషన్ స్పీకర్లు ఇలాంటి మాటల్ని "నవ్వుతూ ఉండు, డీల్ అదే వస్తుంది" అనే స్థాయికి దించేశారు. ఇక్కడ విషయం నవ్వు కాదు. కారణాన్ని సరిగ్గా గుర్తించడం. రిజిస్ట్రేషన్లు ఆగిన నెలలో డీల్ కాకపోతే కారణం రిజిస్ట్రేషన్లు ఆగడమే.

రెండో డౌట్.. దీన్ని అణచొద్దు

ఇప్పుడు అసలు విషయం. ఏజెంట్‌కి రాత్రి నిద్ర పట్టకపోవడానికి ఇంకో కారణం ఉంటుంది, దాని గురించి మీటింగుల్లో ఎవరూ మాట్లాడరు. తాను అమ్మిన ప్లాటుకు పర్మిషన్ నిజంగా వస్తుందా? ప్రీ లాంచ్ పేరుతో కట్టించుకున్న డబ్బు ఎక్కడికి పోయింది? ఇప్పుడు అడుగుతున్న కస్టమర్‌కి ఏం చెప్పాలి?

ఈ భయం ఎందుకంత బలంగా ఉంటుందంటే, కొత్త ఏజెంట్ మొదటి కస్టమర్లు బయటివాళ్లు కారు. మేనమామ, బావమరిది, పాత స్కూల్ ఫ్రెండ్, పక్కింటి రిటైర్డ్ టీచర్. చేరిన రోజే "మీకు తెలిసిన వంద మంది పేర్లు రాయండి" అని లిస్ట్ రాయించుకునే పద్ధతి చాలా సేల్స్ కంపెనీల్లో ఉన్నదే. వాళ్లు కంపెనీని చూసి కొనలేదు, మనవాడని కొన్నారు. వెంచర్ ఆగితే కంపెనీ ఆఫీసు బోర్డు మారొచ్చు, ఏజెంట్ మాత్రం అదే ఊళ్లో, అదే పెళ్లిళ్లలో వాళ్లకు ఎదురుపడాలి. ఇది మోటివేషన్‌తో పోయే ఒత్తిడి కాదు.

చట్టం కూడా ఈ డౌట్ పక్షానే ఉంది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేదా 8 ఫ్లాట్లు మించిన ప్రాజెక్టును రెరాలో రిజిస్టర్ చేయకుండా ప్రచారం చేయకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, అమ్మకూడదు. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకముందే ధరలో 10 శాతం కంటే ఎక్కువ అడ్వాన్స్ తీసుకోవడం కూడా కుదరదు. ఏజెంట్ల సంగతి 9, 10 సెక్షన్లు చెబుతాయి. ఏజెంట్ తానూ రెరాలో నమోదై ఉండాలి. రిజిస్టర్ కాని ప్రాజెక్టును అమ్మిపెట్టకూడదు. లేని సౌకర్యాలు ఉన్నాయని చెప్పకూడదు. లెక్కలు రాసుకోవాలి.

తప్పితే 62వ సెక్షన్ కింద రోజుకు 10 వేల రూపాయల జరిమానా, మొత్తం కలిపి ఆస్తి ధరలో 5 శాతం వరకు వెళ్లొచ్చు. పైన చెప్పిన 22 లక్షల 50 వేల ప్లాటునే తీసుకుంటే 5 శాతం అంటే లక్షా 12 వేల 500. ఏజెంట్‌కి టీడీఎస్ పోగా వచ్చిన కమీషన్ 73,500. ఈ లెక్క తెలియకుండా "డౌట్ పడకు, దూసుకుపో" అని చెప్పడం ఎంతవరకు కరెక్ట్?

అందుకే లోపల గుచ్చుతున్న ప్రశ్నను నోటితో అడిగేయడం మేలు. రెరా నంబర్ ఏది? అప్రూవల్ హెచ్‌ఎండీఏదా, డీటీసీపీదా, సీఆర్డీఏదా? లేక గ్రామ పంచాయతీ పేరు చెబుతున్నారా? ఈసీ చూశారా? రెరా నంబర్‌ను వెబ్‌సైట్‌లో కొట్టి చూడటానికి పావుగంట చాలు. సమాధానం దొరికితే ఏజెంట్ గొంతులో వచ్చే ధైర్యం వేరు, కస్టమర్‌కి అది వెంటనే తెలిసిపోతుంది. దొరక్కపోతే ఆ వెంచర్ తన చుట్టాలకు చూపించకుండా ఆగొచ్చు. ఒక డీల్ పోతుంది, నిజమే.

మరి మిగతా ఒత్తిడి సంగతి?

కొన్ని పనులు తేలిక. బుకింగ్‌లు కాకుండా, చేసిన కాల్స్, తిప్పిన సైట్ విజిట్లు, మళ్లీ ఫోన్ చేయాల్సిన పేర్లు రోజూ నోట్‌బుక్‌లో రాసుకుంటే సున్నా నెలలో కూడా చేసిన పని కళ్లకు కనిపిస్తుంది. ఎక్కడ పోతోందో కూడా తెలుస్తుంది. విజిట్‌కి వచ్చిన పది మందీ ధర దగ్గరే వెనక్కి తగ్గితే అది ధర సమస్య. ఒక్కరు కూడా విజిట్‌కే రాకపోతే అప్పుడు తాను మాట్లాడే తీరు చూసుకోవాల్సిందే. ఈ రెండూ వేరని తెలియకే చాలామంది అన్నిటికీ తమనే తిట్టుకుంటారు.

డబ్బు విషయంలో జాగ్రత్త ఇంకా అవసరం. కమీషన్ పడిన వారమే ఈఎంఐ మీద కారు తీసుకోవడం ఈ ఫీల్డ్‌లో మామూలైపోయింది. "లుక్ లేకపోతే కస్టమర్ నమ్మడు" అంటారు. తర్వాతి మూడు నెలలు ఆ ఈఎంఐ కోసమే నచ్చని వెంచర్ కూడా అమ్మాల్సి వస్తుంది. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉన్న ఏజెంట్ "ఈ వెంచర్ నేను అమ్మను" అనగలడు. లేనివాడు అనలేడు. కమీషన్‌కి బదులు ప్లాటు తీసుకోమని కంపెనీ అంటే అది ఆదాయం కాదు, అమ్ముడుపోని సరుకు తన నెత్తిన పడటమని గుర్తుంచుకోవాలి.

ఇంట్లో చెప్పడం చాలామందికి కష్టం. "ఈ నెల ఏమీ రాలేదు" అనే మాట భార్యకో భర్తకో చెప్పలేక చేతిబదుళ్లు చేసేవాళ్లున్నారు. నిద్ర పోవడం, తిండి మానేయడం, బతకాలనిపించకపోవడం దాకా వస్తే ఆగకూడదు. కేంద్రం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు రోజంతా ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఫ్రీ. తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక తేలని విషయం ఒకటుంది. కస్టమర్ డబ్బుకు రక్షణ కోసం వచ్చిన రెరా చట్టంలో, ఏజెంట్‌కి కంపెనీ కమీషన్ ఎంత ఇవ్వాలి, ఎన్ని రోజుల్లో ఇవ్వాలి అన్న నిబంధన లేదు. చాలాచోట్ల అది నోటిమాట మీదే నడుస్తోంది. గజానికి ఎంత, ఎప్పుడెప్పుడు ఇస్తారు, కస్టమర్ క్యాన్సిల్ చేస్తే ఎంత వెనక్కి తీసుకుంటారు అన్నవి కంపెనీ లెటర్‌హెడ్ మీద రాయించుకుంటున్న ఏజెంట్లు ఇప్పటికీ తక్కువే.