ఆరు గంటల ప్రయాణం, ఒక్క క్షణం మీఖాత్

మన తాతల తరంలో హజ్ యాత్రికులు ముంబయిలో ఓడ ఎక్కి, వారానికి పైగా సముద్రంపై గడిపి జిద్దా చేరేవారు. 1995తో ఆ ఓడ ప్రయాణాలు ముగిశాయి. నేడు హైదరాబాదు నుండి జిద్దాకు సుమారు 4,000 కిలోమీటర్లు. నేరుగా వెళ్ళే విమానానికి దాదాపు ఆరు గంటలు. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనుక.

దూరం తరిగింది, జాగ్రత్త అవసరం పెరిగింది. ఓడవారికి యలమ్‌లమ్ సమీపించేలోగా స్నానం చేసి ఇహ్రామ్ ధరించే తీరిక ఉండేది. విమానం జిద్దాలో దిగడానికి సుమారు అరగంట ముందే మీఖాత్‌ను క్షణంలో దాటిపోతుంది. నిద్రలో ఉన్నవారికి ప్రకటన వినిపించకపోవచ్చు. ఉమ్రా సంకల్పంతో బయలుదేరి ఇహ్రామ్ లేకుండా దాటినవారు తిరిగి మీఖాత్‌కు వెళ్ళవలసి ఉంటుంది. లేదా పరిహారంగా ఖుర్బానీ ఇవ్వవలసి ఉంటుంది.

కనుక మేము మనవి చేసేదొక్కటే. ఇహ్రామ్ వస్త్రాలను పెట్టెలో వేసి పంపకండి. ఇంటివద్దనో విమానాశ్రయంలోనో ధరించండి. దిగడానికి గంట ముందే మేల్కొని, నియ్యత్ చేసి తల్బియా పలకండి. ముందుగా మదీనా వెళ్ళేవారికి ఈ తొందర లేదు. వారి మీఖాత్ జుల్ హులైఫా. వృద్ధులైన తల్లిదండ్రులను సాగనంపే బిడ్డలు ఈ మాటను వారికి మరొక్కసారి గుర్తు చేయాలి.

అల్లాహ్ మనందరి యాత్రను స్వీకరించుగాక! ఆమీన్.