గృహవిజ్ఞానము: గడప యొకటి, పిలుపులు వేయి



గోదావరి డెల్టాలో పుట్టి పెరిగిన స్త్రీకి నీటి విలువతోబాటు తూము విలువయు నెఱుకయే. కాటన్ దొర 1847వ సంవత్సరమున ధవళేశ్వరము కడ ఆనకట్ట పని ప్రారంభించి 1852 నాటికి ముగించెను. నేడచ్చట 175 తలుపులు గల బ్యారేజి నిలిచియున్నది. నదిలో నెంత వఱద వచ్చినను కాలువలోనికి దానికి పట్టునంతయే విడుతురు. దాళ్వా దినములలో నది సన్నగిలినప్పుడు కాలువలకు వంతులు పెట్టుదురు. నది కనులయెదుట నున్నను రైతు తన వంతు వచ్చువఱకు కనిపెట్టుకొని యుండును. ఆ తలుపే లేనిచో ఎగువ చేలు మునుగుననియు, శివారు భూములు బీటలు వాఱుననియు వా డెఱుగును.

ఈ మాసము మనము చెప్పుకొనబోవునదియు నొక తూమును గూర్చియే. ఇది కంటికి కనబడదు. మన చేతిలోని ఫోను వెనుక నుండును.

బ్యాంకులోని నిలువ చూడవలెనన్నను, పింఛను దరఖాస్తు నింపవలెనన్నను, పిల్లవాని పరీక్షాఫలితము తెలిసికొనవలెనన్నను, మొట్టమొదట “నీ వెవరవు?” అను ప్రశ్న యెదురగును. రహస్యపదమో, పిన్ సంఖ్యయో, ఓటీపీ యను ఆఱంకెల గుర్తో చెప్పి మన మెవరమో ఋజువు చేసికొనిన పిమ్మటగాని లోనికి పోనీయరు. ఒక్కొక్కప్పుడు మనము చెప్పినది సరియైనదే యైనను, “ప్రయత్నములు మితిమీఱినవి, కొంతసేపటికి మఱల రండు” అను సమాధానము వచ్చును. చాలమంది గృహిణులు దీనిని జూచి ఫోను చెడినదని బెంగపడుదురు. లేదా తమ్ము గెంటివేసిరని చిన్నబుచ్చుకొందురు. ఆ మాట యేల వచ్చునో తెలిసినచో ఆ బెంగకు చోటుండదు.

తలుపు కడ మనలను గుర్తుపట్టు కావలివాడు ఆ కార్యాలయపువాడే కానక్కఱలేదు. ఇంటింటికి నొక కావలివానిని పెట్టుకొనలేక వీధివారందఱు చందా వేసికొని యొక గూర్ఖాను కుదుర్చుకొనుట మన మెఱుగుదుము. అటులనే పెక్కు విద్యాలయములును, దుకాణములును, వైద్యశాలలును రహస్యపదములను తామే భద్రపఱచుకొనక, అద్దె చెల్లించి ఆ పనిని పెద్ద సంస్థల కప్పగించుచున్నవి. అమెజాన్ వారి కాగ్నిటో, గూగుల్ వారి ఫైర్‌బేస్ అట్టివి. ఒక్క కావలివాడు వేలకొలది గడపలు చూచుకొనవలసి యుండుటచే, ఏ గడపకు ఎన్ని పిలుపులన్నది ముందే కట్టడి చేయుదురు. కాగ్నిటోలో ఒక ఖాతాకు మామూలు హద్దు సెకనుకు 120 ప్రవేశ ప్రయత్నములు. అంతకు మించి కావలసినవారు ప్రత్యేకముగా కోరి పెంచుకొనవలయును. ఒక పాఠశాలలోని బాలబాలికలందఱు ఫలితములకై ఒకే నిమిషమున తలుపు తట్టినచో, పాఠశాలవారి యంత్రము చక్కగనే యున్నను కావలివాడు కొందఱిని నిలుపును.

ఈ కట్టడి యెట్లు చేయుదురు? శివాలయమున లింగముపై వ్రేలాడు ధారాపాత్రను తలంచుకొనుడు. పైన బిందెడు పోసినను చెంబెడు పోసినను క్రిందికి జాఱు ధార యొక్కటియే. పాత్ర నిండిన పిదప పోసినది పొర్లిపోవును. ఇది యొక పద్ధతి. రెండవది బిళ్లల పద్ధతి. ఒక కుండలో నిమిషమునకు ఇన్ని చొప్పున బిళ్లలు పడుచుండును. తలుపు తట్టిన ప్రతివారును ఒక బిళ్ల తీసికొని లోనికి పోవలెను. కొంతసేపు ఎవ్వరును రాకున్నచో కుండ నిండును గనుక, పిదప పదిమంది యొక్కమాఱు వచ్చినను చెల్లును. బిళ్ల దొరకనివారు ఆగవలెను. అట్టివారికి యంత్రము పంపు ప్రత్యుత్తరమునకు 429 అను సంఖ్య 2012వ సంవత్సరమున నియమింపబడినది. “ఇన్ని సెకనులు తాళి రమ్ము” అని దానితోబాటు గడువు చెప్పుటకును ఆ నియమములో వీలు కలదు.

ఈ హద్దునకు మొదటి కారణము దొంగ. పిన్ నాలుగంకెలదైనచో దానికి మొత్తము 10,000 రూపములే కలవు. యంత్రము సెకనుకు పది చొప్పున ప్రయత్నించినను పదునేడు నిమిషములలో అన్నియు ముగించును. దినమునకు మూడు తప్పులకంటె నెక్కువ సాగనీయనిచో అదే పనికి తొమ్మిది వత్సరములు దాటును. ఓటీపీకి ఆఱంకెలగుటచే పది లక్షల రూపములు. పది నిమిషముల గడువులో ఐదు ప్రయత్నములే యిచ్చినచో, దొంగకు అది తగులుట రెండు లక్షలలో నొక్క వంతు. ఇంతటి బలము అంకెలలో లేదు. ఆ హద్దులోనే యున్నది.

హద్దు లేనిచో నేమగునో 2016లో ఆనంద్ ప్రకాష్ అను బెంగుళూరు యువకుడు నిరూపించెను. ఫేస్‌బుక్కులో రహస్యపదము మఱచినవారికి ఆఱంకెల గుర్తు పంపుదురు. ప్రధానద్వారమున పది పండ్రెండు తప్పులు కాగానే ఆపివేయుదురు. అయితే క్రొత్త మార్పులను పరీక్షించుటకై వారుంచుకొన్న వేఱొక ద్వారమున ఆ హద్దు పెట్టుట మఱచిరి. సింహద్వారమునకు గడియ వేసి పెరటితలుపు బార్లా తెఱచినట్లయ్యెను. అతడు తన ఖాతాపైననే పరీక్షించి సంస్థవారికి తెలుపగా, వారు దానిని సరిదిద్ది 15,000 డాలర్లు బహుమతిగా నిచ్చిరి.

రెండవ కారణము త్రొక్కిసలాట. దాని ఘోరము రాజమహేంద్రవరమునకు తెలిసినంతగా మఱియెవ్వరికిని తెలియదు. 2015 జూలై 14వ తేదీన, గోదావరి పుష్కరముల తొలినాడు, కోటగుమ్మము కడ పుష్కరఘట్టమున 27 మంది ప్రాణములు గోల్పోయిరి. వారిలో స్త్రీలే యెక్కువ. వచ్చిన యాత్రికులలో దోషము లేదు. ఒకే ఘట్టమునకు, ఒకే వేళకు, పట్టనంతమంది చేరిరి. 2027లో రానున్న పుష్కరములకు మన మందఱము కోరుకొనవలసినది ముందుగనే వంతులు, పెక్కు ఘట్టములు, వెనుకవారిని దూరముననే నిలుపు ఏర్పాటు.

యంత్రముల ద్వారమున ప్రాణములు పోకపోవచ్చును గాని పనులు స్తంభించును. 2021 ఏప్రిల్ 28వ తేదీ సాయంకాలము నాలుగు గంటలకు, 18 మొదలు 44 వత్సరముల వయస్సువారికి కోవిన్‌లో టీకా నమోదు ప్రారంభమయ్యెను. ఆనాడే కోటికి పైగా జనులు నమోదైరి. అయినను తొలి ఘడియలలో ననేకులకు ఓటీపీయే రాలేదు. అటుపిమ్మట కొందఱు నేర్పరులు ఖాళీలు కనిపెట్టు ప్రోగ్రాములు వ్రాసి, యంత్రములచేత నిమిషనిమిషమును అడిగించిరి. అందుచే ప్రభుత్వమువారు ప్రోగ్రాముల ద్వారమున ఒక్కొక్క యింటర్నెట్ చిరునామాకు ఐదు నిమిషములలో నూఱు ప్రశ్నలే యని కట్టడి చేసిరి. కట్టడి లేనిచోట యంత్రపు వ్రేలు పల్లెపడుచు వ్రేలికంటె ముందు పోవునుగదా!

నిత్యము మనము డబ్బు పంపుకొను యూపీఐ 2025 ఏప్రిల్ 12వ తేదీన స్తంభించెను. కొన్ని బ్యాంకుల యంత్రములు “ఆ చెల్లింపు ఏమైనది? ఏమైనది?” అని మఱల మఱల ప్రశ్నించుటయే దానికి ముఖ్యకారణమని విచారణలో తేలినది. ఆ యేటి ఆగస్టు 1 నుండి, ఒక చెల్లింపు గతిని గూర్చి మూడు మార్లే అడుగవలెననియు, నడుమ తొంబది సెకనులు తాళవలెననియు నియమించిరి. నిలువ చూచుకొనుటకు సయితము ఒక్కొక్క యాప్‌లో దినమునకు ఏబది మార్లు హద్దుగా నుంచిరి. పొయ్యిమీది అన్నమును క్షణక్షణము మూత తీసి చూచిన అది త్వరగా నుడుకదని మనకు తెలియనిదా!

ఇంతవఱకు హద్దు మంచిదని చెప్పితిమి. అయితే హద్దులన్నియు న్యాయమైనవి కావు. లెక్క ఎవరి పేర వ్రాయుదురన్నదే అసలు ప్రశ్న.

చిరునామానుబట్టి లెక్కించుట యొక మార్గము. ఒక పల్లెలోని ఫోనులు పెక్కింటిని ఫోను కంపెనీవారు ఒకే చిరునామా వెనుక నుంచుట కలదు. నెట్ సెంటరులో వరుసగా నిలుచున్న ముప్పదిమంది వితంతువులును యంత్రమునకు ఒక్క మనిషివలెనే కనబడుదురు. మొదటి యిరువదిమంది పని కాగానే తక్కినవారికి తలుపు మూయబడవచ్చును. పట్టణమున సొంత యింటిలో సొంత చిరునామా గలవారి కా బాధ లేదు. పైగా ఈ లెక్క దొంగను ఆపజాలదు. 2019లో తమిళనాటి లక్ష్మణ్ ముత్తయ్య యను పరిశోధకుడు వేయి చిరునామాలనుండి రెండు లక్షల గుర్తులు పంపి, ఇన్‌స్టాగ్రామ్ వారి హద్దు అడ్డు రాలేదని చూపెను. అతనికి లభించిన బహుమతి 30,000 డాలర్లు.

పేరునుబట్టి లెక్కించుట రెండవ మార్గము. ఇది మేలైనదే గాని దీనికిని ఒక లోపము కలదు. గిట్టనివా డొకడు మన పేరు చెప్పి కావలెనని తప్పు పదములు కొట్టినచో, మూయబడునది మన తలుపే. కావున తెలివిగల కావలివాడు పేరును, చిరునామాను, నిత్యము వాడు ఫోనును మూడింటిని కలిపి చూచును. మొదటి తప్పులకు కొంచెము, తరువాతి తప్పులకు మఱికొంత యని నిరీక్షణము పెంచును గాని ఒక్కమాఱు తాళము వేయడు.

అన్నిటికంటె ముఖ్యమైనది రెండవ తలుపు. కోవిన్ ద్వారము దాటలేని యువజనులకు 2021 మే 24 నుండి ప్రభుత్వ కేంద్రములలో నేరుగా పోయి నమోదు చేసికొనుటకు వీలు కల్పించిరి. బియ్యపు దుకాణమున వ్రేలిముద్ర పడని ముదుసలికి ఓటీపీయో, కనుపాపయో, ఏదియు కానిచో పుస్తకములో సంతకమో ఉండవలెను. యంత్రము “మఱల రమ్ము” అనుట తప్పు కాదు. ఎప్పుడు రావలెనో, ఎవరి నడుగవలెనో చెప్పకుండుట తప్పు. చంటిబిడ్డ నెత్తుకొని కూలి మానుకొని వచ్చిన స్త్రీకి ఆ ఒక్క మాటయే దినపు కూలి. ఏ కార్యాలయమైనను ఆ మాట చెప్పనిచో మనము నెమ్మదిగా, గట్టిగా అడుగవలయును.

ఇక గృహిణులు చేయదగినవి కొన్ని కలవు.

ఓటీపీ ఆలస్యమైనచో మీటను పదేపదే నొక్కవలదు. సాధారణముగా క్రొత్తది పుట్టగనే పాతది చెల్లకపోవును. మూడు వచ్చినచో కడపటిదే పనికివచ్చును. రెండు నిమిషములు తాళి ఒక్కమాఱు అడుగుడు. అప్పటికిని రానిచో ఐదు నిమిషములు, పిమ్మట పది నిమిషములు తాళుడు. యంత్రములకు సయితము నిపుణులు నేర్పు మర్యాద యిదియే.

పిన్ రెండు మార్లు తప్పినచో మూడవమాఱు ఊహించి కొట్టవలదు. మూడవ తప్పుతో సాధారణముగా ఒక దినము వఱకు మూతపడును. మందులు కొనవలసిన దినమే అది కావచ్చును. ఆగి, పిన్ మార్చుకొను మార్గమును పట్టుడు.

క్రొత్త పథకమునకు తలుపు తెఱచిన మొదటి గంటలోనే పోవలసిన యగత్యము లేనిచో, సాయంకాలమో మఱునాడో పొండు. సంఖ్య తక్కువగా నుండి ముందు వచ్చినవారికే దక్కునట్టి పనులకు మాత్రము వేళకు సిద్ధముగా నుండుడు.

మీ రడుగకయే ఓటీపీలు వరుసగా వచ్చుచున్నచో ఎవ్వరో మీ తలుపు తట్టుచున్నారని గ్రహింపుడు. ఎవరు తీయగా అడిగినను వానిని చెప్పవలదు. హద్దు దొంగను ఎంత ఆపినను, మనము నోట చెప్పిన గుర్తును అది యాపలేదు. ధనము పోయినచో వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయుడు.

ఇంటిలో పెద్దవారుండినచో వారి తరపున ఓపికతో తాళి, ఈ వంతు సంగతి వారికి విడమఱచి చెప్పుడు. “నా వ్రేలు చెడిపోయినదమ్మా” యని వారు చిన్నబుచ్చుకొనకుండ చూచుకొనుట మన బాధ్యత.

కాలువకు తలుపు పెట్టినది నీటిని దాచుటకు గాదు, శివారు చేనికి సయితము చేర్చుటకు. గుర్తు నడుగు గడపకు హద్దు పెట్టుటయు నందులకే కావలెను. ఆ హద్దు దొంగను ఆపుచున్నదో, శివారున నున్న పేదరాలిని ఆపుచున్నదో కనిపెట్టి యుండుట మన వంతు.